మెత్తబడిన కన్ను: దెబ్బ తగిలాక కంటిలో ఒత్తిడి ఎందుకు పడిపోతుంది?

గత పాఠంలో నీటికాసుల జబ్బు గురించి తెలుసుకున్నాం. కంటిలో ఒత్తిడి పెరిగితే చూపు నరం నెమ్మదిగా దెబ్బతింటుందని, అందుకే నలభై ఏళ్లు దాటినవాళ్లు ఒత్తిడి పరీక్ష చేయించుకోవడం మంచిదని చెప్పుకున్నాం. ఆ పాఠం విన్న తరువాత చాలామందికి ఒక అభిప్రాయం కలగడం సహజం. ఒత్తిడి ఎక్కువైతే ప్రమాదం కాబట్టి, తక్కువైతే మంచిదే కదా అని. ఈ అభిప్రాయం ఎంత పొరపాటో ఈ పాఠంలో చూద్దాం. ముందుగా ఒక అనుభవం చెబుతాను.

కొన్నేళ్ల కిందట నా దగ్గర డిగ్రీ చదువుతున్న ఒక కుర్రాడికి మైదానంలో కార్క్ బంతి కుడికంటికి తగిలింది. కన్ను ఎర్రబడింది. లోపల కొద్దిగా రక్తం చేరింది. వారం పది రోజుల్లో ఎరుపు తగ్గింది, నొప్పీ పోయింది. అందరూ గండం గడిచిందనుకున్నారు. అయితే ఆ కంటితో చూస్తే బల్ల మీద రాసిన అక్షరాలు మసకగా, కాస్త వంకరగా కనిపిస్తున్నాయి. కళ్లద్దాల దుకాణంలో పరీక్షించి ప్లస్ పవర్ అద్దాలు ఇచ్చారు. కొంత మెరుగనిపించింది. ఆ తరువాత ఒకచోట కంటి ఒత్తిడి కూడా కొలిచారు. "సార్, ప్రెషర్ 4 మాత్రమే ఉందట. నీటికాసుల భయమే లేదన్నారు" అని వాడు సంతోషంగా వచ్చి చెప్పాడు. ఆ అంకె వినగానే నాకు గుబులు పుట్టింది. దెబ్బ తగిలిన కంటిలో 4 అనే అంకె శుభవార్త కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు కన్ను గుండ్రంగా ఎలా నిలుస్తుందో తెలియాలి.

కంటిని నిలబెట్టే నీరు

కన్ను సుమారు 24 మిల్లీమీటర్ల పొడవున్న గోళం. దాని గోడలో ఎముక లేదు. తెల్లగుడ్డుగా మనకు కనిపించే దృఢస్తరం, ముందు వైపు అద్దంలా ఉండే కార్నియా గట్టివే గాని, వంగని పదార్థాలు కావు. గాలి నింపిన బంతి గుండ్రంగా నిలిచినట్టే, కన్ను కూడా లోపలి ఒత్తిడి వల్లనే ఆకారం నిలుపుకుంటుంది. ఇక్కడ గాలికి బదులు నీరు ఉంటుంది.

ఈ నీటిని నేత్రోదకం అంటారు. కంటిపాప వెనుక, కటకం చుట్టూ ఉంగరంలా ఉండే సిలియరీ వలయం దీన్ని తయారుచేస్తుంది. తయారయ్యేది నిమిషానికి సుమారు 2.5 మైక్రోలీటర్లు. కంటిమందు సీసాలోంచి జారే ఒక్క చుక్క దాదాపు 50 మైక్రోలీటర్లు ఉంటుంది. అంటే ఆ ఒక్క చుక్కంత నీరు తయారుకావడానికి కంటికి 20 నిమిషాలు పడుతుంది. రోజంతా కలిపినా ఒక చెంచాడు నీరు కాదు. ఇంత పొదుపుగా ఊరే నీరే కంటిని నిలబెడుతోంది!

తయారైన నీరు కంటిపాప మధ్యనున్న తారక గుండా ముందు గదిలోకి వస్తుంది. అక్కడ కార్నియా, కంటిపాప కలిసే కోణంలో జల్లెడ వంటి కణజాలం ఉంది. నీటిలో ఎక్కువ భాగం ఆ జల్లెడ గుండా సన్నని కాలువలోకి, అక్కడినుంచి సిరల్లోకి పోతుంది. కొంత భాగం మాత్రం సిలియరీ కండరపు పోగుల మధ్య నుంచి వెనక్కి ఇంకిపోతుంది. ఊరే నీరు, పోయే నీరు సరితూగినంతకాలం ఒత్తిడి నిలకడగా ఉంటుంది. ఆరోగ్యవంతులలో అది సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న తర్కం గమనించండి. జల్లెడ దాటిన నీరు చేరే సిరల్లో కూడా ఒత్తిడి ఉంటుంది. అది సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు. నీరు పల్లానికే పారుతుంది కాబట్టి, కంటిలోని ఒత్తిడి సిరల ఒత్తిడికి దిగివస్తే ఆ దారిలో ప్రవాహం ఆగిపోతుంది. కనుక జల్లెడ ఎంత బాగా పనిచేసినా, ఆ ఒక్క కారణంతో ఒత్తిడి 4కు పడిపోదు. 4 కనిపించిందంటే కంటిలో ఏదో కొత్త దారి తెరుచుకుని ఉండాలి. లేదా నీటి ఊటే బాగా తగ్గిపోయి ఉండాలి. నా విద్యార్థి చెప్పిన అంకె వినగానే నాకు తోచినది ఇదే.

వైద్యులు సాధారణంగా 5 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న ఒత్తిడిని అల్పపీడనంగా, అంటే హైపోటనీగా భావిస్తారు. అయితే అంకె ఒక్కటే జబ్బు కాదు. ఆ తక్కువ ఒత్తిడిని తట్టుకోలేక కంటిలో మార్పులు మొదలైనప్పుడే అది జబ్బు అవుతుంది.

నీరు ఎక్కడికి పోయింది?

మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఖాళీ అవుతోందనుకుందాం. దానికి మూడు కారణాలు ఉండవచ్చు. ట్యాంకుకే పగులు పడి నీరు బయటికి కారవచ్చు. గోడలో దాగిన గొట్టం చీలి, పైకి కనబడకుండా నీరు ఇంకిపోవచ్చు. లేదా మోటారే నీరు ఎక్కించడం మానేయవచ్చు. దెబ్బ తగిలిన కంటిలో కూడా సరిగ్గా ఈ మూడే జరుగుతాయి.

మొదటిది, బయటికి కారడం. చీపురుపుల్ల బాణం, గోటీబిళ్ళ ఆటలో ఎగిరిన బిళ్ళ, ఉలి మీద సుత్తి దెబ్బకు ఎగిరిన ఇనుప రజను, పగిలిన గాజుపెంకు, దీపావళినాడు సీసాలోంచి ఎగిరిన రాకెట్టు, పశువు కొమ్ము... ఇవి కంటి గోడను చీల్చగలవు. కార్నియా మీద గాయమైతే పైకి కనిపిస్తుంది. కాని మొద్దు దెబ్బకు కూడా దృఢస్తరం చిట్లవచ్చు. కంటిని కదిపే కండరాలు అతుక్కునే చోట దాని వెనుక గోడ మందం 0.3 మిల్లీమీటర్లే. అక్కడ చిట్లితే పైనున్న పొర, దాని కింద చేరిన రక్తం గాయాన్ని కప్పేస్తాయి. బయటికి వాచిన ఎర్రని కన్నే కనిపిస్తుంది. అలాంటి కన్ను మెత్తగా ఉన్నా, తారక గుండ్రదనం పోయి ఒక పక్కకు కన్నీటిబొట్టులా లాగినట్టున్నా, లోపల చిట్లు ఉందనే అనుమానించాలి.

రెండోది, లోపలే ఇంకిపోవడం. బంతి, పిడికిలి వంటివి తగిలినప్పుడు కన్ను ముందునుంచి వెనక్కి నొక్కుకుపోయి, నడుము దగ్గర ఒక్కసారిగా విస్తరిస్తుంది. ఆ లాగుడుకు సిలియరీ కండరం దృఢస్తరం నుంచి ఊడి, మధ్యలో చీలిక పడవచ్చు. దీన్ని సైక్లోడయాలసిస్ చీలిక అంటారు. ముందు గదిలోని నీరు ఈ చీలికలోంచి దృఢస్తరానికీ, దాని లోపలి రక్తపటలానికీ మధ్య ఖాళీలోకి జారి ఇంకిపోతుంది. ఊడిన సిలియరీ వలయం నీటిని కూడా తక్కువగా తయారుచేస్తుందని వైద్యులు భావిస్తారు. చీలిక పరిమాణానికీ, ఒత్తిడి తగ్గుదలకూ నేరుగా సంబంధం లేదు. చిన్న చీలిక కూడా ఒత్తిడిని బాగా దించేయగలదు.

విచిత్రమేమిటంటే, ఒకప్పుడు వైద్యులు ఇదే చీలికను కావాలని చేసేవారు. నీటికాసులలో పెరిగిన ఒత్తిడిని తగ్గించడానికి 1905లో జర్మన్ వైద్యుడు లియోపోల్డ్ హైనే ఈ శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు. ఫలితం ఎంతవరకు పోతుందో ముందుగా చెప్పలేకపోవడం, మెరుగైన పద్ధతులు రావడం వల్ల అది దాదాపుగా వాడుకలోంచి తప్పుకుంది. ఒక కంటికి చికిత్స అయినదే మరో కంటికి గాయం!

మూడోది, ఊట తగ్గిపోవడం. దెబ్బ తరువాత కంటి లోపల వాపు వస్తే సిలియరీ వలయం నీటి తయారీని తగ్గిస్తుంది. కొన్ని వారాల తరువాత గాయం మానే క్రమంలో పుట్టే మచ్చపొరలు ఆ వలయాన్ని లాగిపట్టి మరింత కుంగదీయవచ్చు. దెబ్బవల్ల రెటీనా చిరిగి ఊడినా ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు కొంత ద్రవం ఆ చిరుగులోంచి వెనక్కి పోయి ఇంకిపోతుంది.

మెత్తబడితే నష్టమేమిటి?

గాలి దిగిన బంతి మీద ముడతలు పడటం మీరు చూసే ఉంటారు. కంటి గోడ కూడా లోపలికి కుంగి, దాని లోపలి రక్తపటలం, రెటీనా ముడతలు పడతాయి. అక్షరాలు చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి తోడ్పడే రెటీనా మధ్యభాగం, అంటే మాక్యులా ముడత పడితే చూపు మసకబారుతుంది, తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయి. అమెరికన్ వైద్యుడు డొనాల్డ్ గాస్ 1972లో ఈ స్థితికి హైపోటనీ మాక్యులోపతి అని పేరు పెట్టాడు. వయసులో ఉన్నవారిలో, దగ్గరి వస్తువులే కనిపించే హ్రస్వదృష్టి ఉన్నవారిలో ఇది ఎక్కువ. వారి కంటి గోడ పలుచగా, సాగే గుణంతో ఉండటం దీనికి కారణం.

కన్ను కుంగినప్పుడు దాని పొడవు కాస్త తగ్గుతుంది. అప్పుడు ప్రతిబింబం రెటీనా వెనుక పడుతుంది. దీన్ని సరిచేయడానికి ప్లస్ పవర్ కావాలి. నా విద్యార్థికి దుకాణంలో ప్లస్ అద్దాలు సరిపోవడం వెనుక రహస్యం ఇదే. అద్దాలు తప్పు కాదు. కాని దెబ్బ తగిలిన ఒక్క కంటికి మాత్రమే కొత్తగా ప్లస్ పవర్ ఎందుకు వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఇంకా కార్నియా మడతలు పడవచ్చు, చూపు నరం మొదలు వాయవచ్చు, శుక్లం రావచ్చు, రక్తపటలం కింద ద్రవమో రక్తమో చేరవచ్చు. ఒత్తిడి నెలల తరబడి తక్కువగానే ఉండి, లోపలి నష్టం ముదిరితే కన్ను క్రమంగా కుంచించుకుపోయి చూపు పూర్తిగా పోవచ్చు. ఇంకో సంగతి మరవకూడదు. ఈ జబ్బులో చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి నయమైందనుకోవడమే అసలు ప్రమాదం.

కారణాన్ని వెదకడం

చికిత్స కారణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి పరీక్షలకు చాలా ప్రాముఖ్యం ఉంది. కన్ను చిట్లిందన్న అనుమానం ఉంటే వైద్యులు దాన్ని నొక్కరు, ఒత్తిడి కూడా కొలవరు. నొక్కితే లోపలి భాగాలు బయటికి వచ్చేస్తాయి.

బయటికి కారుతోందేమో తెలుసుకోవడానికి ఫ్లోరెసీన్ అనే నారింజ రంగు అద్దిన కాగితపు పట్టీని కంటికి తాకిస్తారు. నీలి వెలుతురులో ఆ రంగు ఆకుపచ్చగా మెరుస్తుంది. గాయంలోంచి నీరు కారుతుంటే ఆ రంగు మధ్య నల్లని సన్నని పాయ కనిపిస్తుంది. సైకిల్ మెకానిక్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసే పద్ధతి లాంటిదే ఇది. దీన్ని సైడెల్ పరీక్ష అంటారు.

లోపలి చీలికను చూడటానికి గోనియోస్కోపీ చేస్తారు. చిన్న అద్దాలున్న కటకాన్ని కార్నియా మీద ఆనించి కోణం చుట్టూ పరిశీలిస్తారు. కన్ను బాగా మెత్తగా ఉంటే చీలిక కనబడకుండా ముడుచుకుపోవచ్చు. అప్పుడు అధిక పౌనఃపున్య శబ్ద తరంగాలతో పనిచేసే అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ, కాంతితో పొరపొరనూ చూపే ఓసీటీ సాయపడతాయి. కంటి వెనుక భాగాన్ని మామూలు అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. లోపల ఇనుపముక్క ఉందన్న అనుమానం ఉంటే సీటీ స్కాన్ తీస్తారు. ఎంఆర్ఐ మాత్రం తీయకూడదు. దాని అయస్కాంతం ఇనుపముక్కను కదిపి మరింత హాని చేస్తుంది.

చికిత్స

చిట్లిన కంటికి మొదటి చికిత్స కుట్లు. వీలైనంతవరకు 24 గంటలలోపు, తలవెంట్రుక కంటే సన్నని నైలాన్ దారంతో గాయాన్ని మూస్తారు. సూక్ష్మక్రిములు చేరకుండా మందులు, ధనుర్వాతం టీకా ఇస్తారు. కార్నియా మీద చాలా చిన్న గాయమైతే కట్టులా పనిచేసే కాంటాక్ట్ లెన్స్, ప్రత్యేకమైన జిగురు సరిపోవచ్చు.

వాపువల్ల ఊట తగ్గితే స్టెరాయిడ్ చుక్కలు, సిలియరీ కండరానికి విశ్రాంతినిచ్చే అట్రోపిన్ వంటి చుక్కలు వేస్తారు. వాపు తగ్గగానే ఊట మళ్లీ మొదలవుతుంది.

సైక్లోడయాలసిస్ చీలికకు కూడా మొదట అట్రోపినే. కండరం సడలి, దృఢస్తరం పక్కకు చేరి మళ్లీ అతుక్కునే అవకాశం ఉంటుంది. ఇలా సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు చూస్తారు. అయితే ఇక్కడ స్టెరాయిడ్లను వీలైనంత తగ్గిస్తారు. చీలిక అంచులు అతుక్కోవడానికి కొంచెం వాపు అవసరం. స్టెరాయిడ్ ఆ వాపును అణచివేస్తుంది. చూశారా, అంకె ఒకటే, కారణం వేరు. ఒక కారణానికి మేలు చేసే మందే మరో కారణానికి అడ్డు. అందుకే దెబ్బ తగిలిన కంటికి ఇంట్లో మిగిలిన చుక్కలు గాని, మందుల దుకాణంలో అడిగి తెచ్చిన చుక్కలు గాని వేయకూడదు.

అట్రోపిన్‌తో మూసుకోకపోతే లేజర్‌తో చీలిక అంచులను కాలుస్తారు. పెద్ద చీలికలకు శస్త్రచికిత్స చేసి, సిలియరీ కండరాన్ని తిరిగి దృఢస్తరానికి కుట్టేస్తారు.

చీలిక మూసుకున్న తరువాత ఒక చిత్రం జరుగుతుంది. ఇంతకాలం నీరు కొత్త దారిలో పోవడంవల్ల పాత జల్లెడకు పని లేకుండా పోయింది. కొత్త దారి హఠాత్తుగా మూతపడితే పాత దారి వెంటనే అందుకోలేదు. దాంతో కొన్ని గంటల్లోనే ఒత్తిడి 40 కూడా దాటవచ్చు. తీవ్రమైన నొప్పి, వాంతులు రావచ్చు. నీటి తయారీని తగ్గించే మందులతో దీన్ని అదుపు చేస్తారు. ఎక్కువమందిలో కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో జల్లెడ మళ్లీ పనిలో పడుతుంది. ఈ నొప్పి చీలిక మూసుకుందనడానికి గుర్తు కావచ్చు. అయినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

రెటీనా ఊడితే దానికి తగిన శస్త్రచికిత్స ఉంది. మచ్చపొరలు సిలియరీ వలయాన్ని లాగుతుంటే వాటిని తొలగిస్తారు. ఊట తిరిగి రాని కళ్లలో సిలికాన్ నూనె నింపి ఆకారం నిలుపుతారు. పూర్తిగా కుంచించుకుపోయిన కంటికి మాత్రం చూపు తెప్పించే మార్గం ఇప్పటికి లేదు. ముఖం తీరు కోసం కృత్రిమ కన్ను అమరుస్తారు.

దెబ్బ తగిలిన వెంటనే ఏం చేయాలి?

కంటికి గట్టి దెబ్బ తగిలితే నలపవద్దు, నొక్కవద్దు. గుచ్చుకున్న పుల్లనో ముక్కనో లాగవద్దు. చనుబాలు, ఆముదం, ఆకుపసరు వంటివి పోయవద్దు. చిట్లిందన్న అనుమానం ఉంటే నీళ్లతో కడగడం కూడా మంచిది కాదు. సున్నం, యాసిడ్ వంటివి పడినప్పుడు మాత్రం వెంటనే ధారగా నీళ్లతో కడగాలి. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఒక కాగితపు కప్పు అడుగుభాగాన్ని కత్తిరించి, అంచులు కంటి చుట్టూ ఉన్న ఎముక మీద ఆనేటట్టు పెట్టి, పైన టేపు అంటించండి. దూది కుక్కి బిగుతుగా కట్టు కట్టకండి. శస్త్రచికిత్స అవసరం కావచ్చు కాబట్టి ఏమీ తినిపించకుండా, తాగించకుండా ఆలస్యం లేకుండా కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రోగి ముందునుంచే నీటికాసుల చుక్కలు వాడుతుంటే ఆ మాట వైద్యునికి తప్పక చెప్పండి. అవి కూడా ఒత్తిడిని తగ్గించే మందులే.

ఎరుపు పోయినంత మాత్రాన పరీక్షలు మానకూడదు. ఒకే దెబ్బ ఒకరిలో ఒత్తిడిని తగ్గించవచ్చు, మరొకరిలో ఏళ్ల తరువాత పెంచవచ్చు. అందుకే గట్టి దెబ్బ తిన్న కంటిని ఏడాదికొకసారైనా చూపించుకుంటూ ఉండాలి.

ఇక మా కుర్రాడి సంగతి. ఆ సాయంత్రమే వాళ్ల నాన్నగారితో మాట్లాడి వాణ్ణి పెద్ద కంటి ఆసుపత్రికి పంపించాను. చీలిక దొరికింది. రెండు నెలలు అట్రోపిన్ వేసినా మూసుకోలేదు. చివరికి కుట్టవలసి వచ్చింది. శస్త్రచికిత్స అయిన మూడోనాటి రాత్రి భరించలేని నొప్పి వచ్చింది. ముందే చెప్పి ఉండటంవల్ల ఇంట్లోవాళ్లు కంగారుపడకుండా ఆసుపత్రికి చేర్చారు. ఒత్తిడి నెమ్మదిగా దారికి వచ్చింది. చూపు చాలావరకు తిరిగి వచ్చింది గాని, తిన్నని గీత ఆ కంటికి ఇప్పటికీ కాస్త వంగినట్టే కనిపిస్తుందట. మొదటి వారంలోనే కారణం వెదికి ఉంటే ఆ వంపు కూడా మిగిలేది కాదేమో.

కాబట్టి దెబ్బ తగిలిన తరువాత "ఒత్తిడి తక్కువే ఉంది" అని ఎవరైనా చెబితే ఊరట పడి ఊరుకోకండి. "మరి ఆ నీరు ఎక్కడికి పోతోందండీ?" అని అడగండి. చూపు నిలవాలంటే ఆ ప్రశ్నకు జవాబు త్వరగా దొరకాలి.